టెలిఫోన్ బోర్డు నుంచి జోధాబాయి దాకా: మూకీ తార సులోచన

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక నిలబడ్డవాళ్లు దయచేసి వచ్చి కూర్చోండి. సినిమా గురించి మాట్లాడుకునే చోట నేల టికెట్టు వాళ్లు వెనక నిలబడటం న్యాయం కాదు. (నవ్వులు)

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది సులోచన గురించి. ఈ పేరు వినగానే మీలో కొందరికి హిందీ, మరాఠీ సినిమాల్లో తల్లి వేషాలు వేసిన సులోచనా లాట్కర్ గుర్తొచ్చి ఉంటారు. ఆవిడ వేరు. నేను చెప్పే సులోచన మాటల్లేని మూకీ సినిమాల తార, అసలు పేరు రూబీ మైయర్స్. 1907లో పుణేలో పుట్టింది. బాగ్దాదీ యూదుల పిల్ల. ఇరాక్ వైపు నుంచి వ్యాపారాల మీద వచ్చి బొంబాయి, పుణే, కలకత్తాల్లో స్థిరపడ్డ కుటుంబాలు అవి. ఇంట్లో ఇంగ్లీషు, వీధిలో నాలుగు భాషలు, దేనిలోనూ పూర్తి పట్టు ఉండదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

సినిమాల్లోకి రాకముందు రూబీ టెలిఫోన్ ఆపరేటర్. ఇప్పటి పిల్లలకు ఇది కాస్త విడమరచి చెప్పాలి. అప్పట్లో ఫోను ఎత్తితే అవతల ఒక అమ్మాయి పలికేది. మీకు కావలసిన నంబరు చెబితే, ఆ అమ్మాయి ఎదురుగా ఉన్న బోర్డు మీద తీగ లాగి ఆ నంబరు ఉన్న రంధ్రంలో గుచ్చేది. అప్పుడు మీకు అవతలి మనిషి దొరికేవాడు. ఇంగ్లీషు మాట్లాడగల ఆంగ్లో ఇండియన్, యూదు, క్రైస్తవ కుటుంబాల అమ్మాయిలు ఈ ఉద్యోగాల్లో ఎక్కువగా ఉండేవాళ్లు. చిత్రం చూడండి, గొంతుతో చేసే ఉద్యోగం వదిలేసి, గొంతుతో పనేలేని ఉద్యోగానికి వచ్చింది ఈ అమ్మాయి.

పిలిచింది కోహినూర్ ఫిల్మ్ కంపెనీకి చెందిన మోహన్ భవ్‌నానీ. మొదట ఆవిడ కుదరదంది. ఎందుకు అనదు! సినిమాలో వేషం అంటే పరువున్న ఇంటి ఆడపిల్ల చేసే పని కాదని లోకమంతా అనుకుంటున్న రోజులు. 1913లో ఫాల్కే గారు 'రాజా హరిశ్చంద్ర' తీసినప్పుడు తారామతి వేషానికి ఒక్క స్త్రీ కూడా ముందుకు రాలేదు. చివరికి ఒక హోటల్లో పనిచేసే సాలుంకే అనే కుర్రాణ్ణి పట్టుకొచ్చి చీర కట్టించారు. హోటల్లో అతని జీతం నెలకు పది రూపాయలు. ఫాల్కే గారు పదిహేను ఇస్తానన్నారు. మన సినిమా మొదటి 'నాయిక' పారితోషికం అదీ. ఆ ఏడాదే 'మోహినీ భస్మాసుర'లో దుర్గాబాయి కామత్, ఆవిడ కూతురు కమలాబాయి నటించారనుకోండి. అయినా పదేళ్ల దాకా ఆడవాళ్ల కొరత అలాగే ఉంది.

ఆ కొరతను తీర్చింది ఈ యూదు, ఆంగ్లో ఇండియన్ అమ్మాయిలే. కలకత్తాలో పేషెన్స్ కూపర్. సీతాదేవి అని తెర మీద వెలిగిన రెనీ స్మిత్. మన దగ్గరా ఇదే కథ. 1921లో రఘుపతి వెంకయ్య గారు, ఆయన కుమారుడు ప్రకాష్ గారు మద్రాసులో 'భీష్మ ప్రతిజ్ఞ' తీసినప్పుడు గంగ వేషం వేసింది పెగ్గీ కాస్టెలో అనే ఆంగ్లో ఇండియన్ యువతి. మన గంగమ్మ తల్లి ఇంగ్లీషు మాట్లాడే అమ్మాయి అని చూసినవాళ్లెవరికైనా తెలిసిందా? తెలియదు, తెర మీద ఆవిడ నోరు విప్పితేగా! పేరొక్కటి మార్చేస్తే సరిపోయేది. రూబీ అలా సులోచన అయింది.

భవ్‌నానీ పట్టు వదల్లేదు. చివరికి 1925 ప్రాంతంలో ఆవిడ ఒప్పుకుంది. నటనలో ఓనమాలు కూడా రావు. అయితే మూకీ స్టూడియో ఎలా ఉండేదో తెలిస్తే, అది నేర్చుకోవడానికి ఎంత వీలైన చోటో అర్థమవుతుంది. పైన కప్పు బదులు పల్చటి తెల్లగుడ్డ. సూర్యుడే లైటు. కెమెరా హ్యాండిలు చేత్తో తిప్పుతుంటారు. పక్కన డైరెక్టరు నిలబడి షాటు నడుస్తుండగానే అరుస్తుంటాడు: ఇటు చూడు, ఉలిక్కిపడు, ఇప్పుడు ఏడు, చాలు. ఆ అరుపులు ఎవరికీ వినపడవు కదా. ఇంకో తమాషా ఉంది. అప్పటి ఫిల్ముకు ఎరుపు రంగు కనపడదు, నల్లగా పడుతుంది. పెదాలకు ఎర్ర రంగు దట్టంగా పూస్తే తెర మీద నోరు నల్లటి గొయ్యిలా ఉంటుంది. నీలం తెల్లబోతుంది. అందుకే మేకప్పు మనుషుల కంటికి కాకుండా ఫిల్ముకు నచ్చేలా వేసేవారు.

ఇక ఆవిడ వేసిన వేషాలు. నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. 1926లో 'టైపిస్ట్ గర్ల్'. చందూలాల్ షా తీశారు, గోహర్ అనే నటి కూడా ఉంది అందులో. పదిహేడు రోజుల్లో పూర్తి చేశారని చెబుతారు. అదే ఏడాది 'టెలిఫోన్ గర్ల్', హోమీ మాస్టర్ తీశారు. నిన్నటిదాకా తాను చేసిన ఉద్యోగమే ఇప్పుడు వేషం! 1929లో 'ఇందిరా బి.ఏ.'. పేర్లు గమనించారా? దమయంతి, సావిత్రి, ద్రౌపదుల మధ్యలోంచి ఒక టైపిస్టు, ఒక టెలిఫోన్ ఆపరేటరు, ఒక బి.ఏ. ప్యాసైన అమ్మాయి తెర మీదికి నడిచొచ్చారు. పురాణాలు, జానపదాలు రాజ్యమేలుతున్న రోజుల్లో ఇది చిన్న మార్పు కాదు. మన తెలుగులో టాకీ పుట్టాక కూడా సాంఘిక చిత్రం నిలదొక్కుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. అక్కడ సులోచన మాత్రం జీతం తెచ్చుకునే అమ్మాయిని నాయికగా నిలబెట్టి టిక్కెట్లు అమ్మించింది. ఆ కథల్లో చివరికి ఆ అమ్మాయిలకు బుద్ధి చెప్పి ఇంట్లో కూర్చోబెట్టి ఉండొచ్చు, అది నేను కాదనను. ఆ కాలపు కథలు అలాగే ఉండేవి. అయినా జనం చూడటానికి వచ్చింది ముగింపు కోసమా, ఆఫీసుకు వెళ్లే ఆ అమ్మాయి కోసమా అంటే నా ఓటు రెండోదానికే.

1927లో 'వైల్డ్‌క్యాట్ ఆఫ్ బాంబే'. మళ్లీ భవ్‌నానీయే. ఇందులో ఆవిడ ఎనిమిది వేషాలు వేసింది. తోటమాలి, పోలీసు, వీధి కుర్రాడు, అరటిపళ్లు అమ్మే మనిషి, బంగారు జుట్టు దొరసాని, వీళ్లందరితోపాటు ఒక హైదరాబాదీ పెద్దమనిషి. (నవ్వులు) అవునండీ, మన హైదరాబాదీయే. ఆ పెద్దమనిషి ఎలా నడిచాడో, మీసం ఎలా దువ్వాడో చూద్దామంటే మనకు ఆ భాగ్యం లేదు.

ఎందుకు లేదంటే, ఆ సినిమా లేదు. ఆవిడకు పేరు తెచ్చిన మూకీలేవీ ఈ రోజు మనకు చూడటానికి దొరకవు. ఆవిడవే కాదు, మన దేశంలో సుమారు 1300 మూకీలు తయారయ్యాయని లెక్క. వాటిలో పూర్తిగానో ముక్కలుగానో మిగిలినవి నూటికి రెండో మూడో. ఆ ఫిల్ము నైట్రేటుతో చేసింది, నిప్పు రవ్వ తగిలితే భగ్గుమంటుంది. మంటల్లో పోకపోతే మన ఉక్కపోతకు జిగురైపోతుంది. ఈ రెండూ తప్పించుకున్నవాటిని కొన్నిసార్లు మనుషులే కరిగించారు, ఫిల్ములో వెండి ఉంటుంది కాబట్టి. టాకీ వచ్చాక పాత మూకీని ఎవరు చూస్తారు, కనీసం వెండైనా గిట్టుబాటవుతుంది కదా అనుకున్నారు. 'భీష్మ ప్రతిజ్ఞ'కూ దిక్కు లేకుండా పోయింది. అందుకని సులోచన నటన గొప్పదా కాదా అని నన్ను అడిగితే నేను చెప్పలేను. గొప్ప అని ఊరికే అనేయడం నాకు ఇష్టం లేదు. మనకు మిగిలింది ఫొటోలు, పోస్టర్లు, పత్రికల్లో రాతలు. వాటిలో మాత్రం ఒక సంగతి తెలుస్తుంది. ఆ ముఖం కెమెరాకు భయపడలేదు.

ఇప్పుడు 1928కి వద్దాం. అప్పటికి ఆవిడ ఇంపీరియల్ ఫిల్మ్ కంపెనీకి మారింది. యజమాని అర్దేషిర్ ఇరానీ. మన తెలుగువాళ్లకు బాగా కావలసిన కంపెనీ ఇది, ఎందుకో తర్వాత చెబుతాను. ఆ సమయంలో గ్రేట్ ఈస్టర్న్ అనే సంస్థ అనార్కలి కథను భారీగా తీస్తోంది. చారు రాయ్, ప్రఫుల్ల రాయ్ దర్శకులు. నాయిక సీతాదేవి. సెట్టింగులు, సైన్యాలు, తీరిగ్గా నడుస్తున్న షూటింగు. ఈ కబురు బొంబాయిలో ఇరానీ చెవిన పడింది. మొగలుల కథకు పేటెంటు ఎవడిది? ఆర్.ఎస్. చౌదరిని దర్శకుడిగా పెట్టి, సులోచనను అనార్కలిగా నిలబెట్టి, చకచకా తీసేసి వాళ్లకంటే ముందే విడుదల చేసేశాడు. సినిమా విరగబడి ఆడింది. ఒకే కథ మీద ఇద్దరు నిర్మాతలు పంతాలకు పోవడం మన ఫిలిం చాంబర్లో ఈ మధ్య పుట్టిన జబ్బేమీ కాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

కాకపోతే కాలం తమాషా చేసింది. ఆ పందెంలో ఓడిన సీతాదేవిని మనం ఇవాళ చూడగలం. హిమాంశు రాయ్, జర్మన్ దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్ కలిసి తీసిన 'షిరాజ్', 'ఎ త్రో ఆఫ్ డైస్' చిత్రాల్లో ఆవిడ ఉంది. విదేశాలతో కలిసి తీసినవి కాబట్టి ఆ ప్రింట్లు అక్కడ భద్రంగా ఉన్నాయి. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు వాటిని బాగుచేసి కొత్త సంగీతంతో చూపించారు కూడా. గెలిచిన సులోచన అనార్కలి మాత్రం లేదు.

డబ్బు సంగతి చెప్పకుండా సినిమా తార గురించి చెప్పడం కుదరదు. సులోచనకు ఇంపీరియల్లో నెలకు 5000 రూపాయలు. పదిహేను రూపాయల సాలుంకే నుంచి ఇక్కడికి ఇరవై ఏళ్ల చిల్లర. ఆపైన 1935 మోడల్ షెవర్లే కారు. బొంబాయి గవర్నరు జీతం కంటే ఆవిడ జీతం ఎక్కువ అని ఒక మాట పుస్తకాల్లో, వ్యాసాల్లో తెగ తిరుగుతుంటుంది. వినడానికి బాగుంది గానీ, లెక్క కుదరదు. 1935 భారత ప్రభుత్వ చట్టంలోనే బొంబాయి గవర్నరు జీతం ఏడాదికి 1,20,000 రూపాయలని రాసి ఉంది. అంటే నెలకు పదివేలు. గవర్నరు జీతంలో సగం, పాతికేళ్లు దాటిన ఒక మాజీ టెలిఫోన్ ఆపరేటరుకు వచ్చేది. అది చాలదూ ఆశ్చర్యపోవడానికి? దీనికి మళ్లీ అబద్ధం కలపడం ఎందుకు?

ఆవిడ పేరు ఎంత మోగిపోయిందంటే, గాంధీగారు ఖాదీ ప్రదర్శన ప్రారంభించిన దృశ్యాలతో ఒక చిన్న చిత్రం ఆడిస్తూ, దాని పక్కన 'మాధురి' అనే మూకీలో సులోచన నాట్యాన్ని శబ్దంతో జోడించి చూపించారు. గాంధీగారి కోసం వచ్చినవాళ్లకు సులోచన అదనమో, సులోచన కోసం వచ్చినవాళ్లకు గాంధీగారు అదనమో ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి. (నవ్వులు)

సరే, టాకీ. 1931 మార్చి 14, బొంబాయి మెజెస్టిక్ థియేటర్, మన దేశపు మొదటి మాటల సినిమా 'ఆలం ఆరా'. తీసింది ఇంపీరియలే. సులోచన ఆ కంపెనీలో అందరికంటే పెద్ద తార. అయినా నాయిక ఆవిడ కాదు, జుబేదా. ముందు సులోచననే అనుకున్నారని, హిందుస్తానీ సరిగా రాదని మార్చారని చెబుతారు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. ఆ స్టూడియో పక్కనే రైలు పట్టాలు. మూకీ రోజుల్లో రైలు వెళితే ఏమిటి, ఏనుగు ఘీంకరిస్తే ఏమిటి! ఇప్పుడు మైకు అన్నీ వింటుంది. అందుకని రాత్రి ఒంటిగంట దాటాక, రైళ్లు ఆగాక, తెల్లవారుజామున నాలుగింటి లోపల షూటింగు చేసేవాళ్లు. మైకులు సెట్లో కనపడకుండా దాచేవాళ్లు. షాటు మధ్యలో అరిచి చెప్పే డైరెక్టరు నోరు మూసుకోవాలి. ఇప్పటిదాకా నోరు మూసుకున్న తారలు నోరు తెరవాలి.

ఇదే ఇంపీరియల్ నీడలో మన టాకీ కూడా పుట్టింది. హెచ్.ఎం. రెడ్డి గారు, ఎల్.వి. ప్రసాద్ గారు ఆ ఆవరణలో తిరిగినవాళ్లే. 'ఆలం ఆరా'లో ప్రసాద్ గారు చిన్న వేషం వేశారు. 1931లో 'కాళిదాస్', 1932 ఫిబ్రవరిలో 'భక్త ప్రహ్లాద'. ప్రహ్లాదుడి తల్లి లీలావతిగా సురభి కమలాబాయి. చిన్నప్పటి నుంచి నాటకాల్లో పద్యం పాడి పాడి అరిగిన గొంతు ఆవిడది. గాలి అటు తిరిగింది. తెలుగు వచ్చా, హిందీ వచ్చా అన్నది తర్వాత. ముందు పాడటం వచ్చా? సురభి, పార్సీ నాటక కంపెనీల నుంచి వచ్చినవాళ్లకు మంచి రోజులు, టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచి వచ్చినవాళ్లకు టెన్షన్.

మామూలుగా ఈ కథ ఇక్కడితో ముగించేస్తారు. టాకీ వచ్చింది, భాష రాని సులోచన పని అయిపోయింది అని. హాలీవుడ్ మూకీ తారల గురించి విన్న కథలు తెచ్చి ఈవిడకు తొడిగేస్తారు. ఈ మాట మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. జరిగింది అది కాదు. ఆవిడ ఒక ఏడాది సినిమాలు పక్కనపెట్టి కూర్చుని హిందుస్తానీ నేర్చుకుంది. నెలకు వేలు తెచ్చుకునే తార, మళ్లీ బళ్లో పిల్లలా 'ఖ'కూ 'క'కూ తేడా దిద్దుకుంది. 1932లో టాకీ 'మాధురి'తో తిరిగొచ్చింది. గమనించండి, కొత్త కథ కాదు. తన మూకీ హిట్టునే మళ్లీ మాటలతో తీశారు. జనానికి కథ తెలుసు, నాయిక తెలుసు, తెలియనిది ఆవిడ గొంతొక్కటే. అది విందామని వచ్చారు. వ్యాపారం తెలిసినవాళ్ల ఎత్తుగడ అది.

ఎత్తు పారింది. ఇక వరసపెట్టి అదే పని. 1935లో 'అనార్కలి', అదే చౌదరి దర్శకుడు, అదే సులోచన, ఈసారి మాటలతో. 'వైల్డ్‌క్యాట్' కాస్తా 1936లో 'బంబై కీ బిల్లీ' అయింది. మూకీ 'ఇందిరా బి.ఏ.' టాకీగా 1934లో వచ్చేసరికి 'ఇందిరా ఎం.ఏ.' అయింది. (నవ్వులు) అయిదేళ్లలో అమ్మాయి పైచదువు పూర్తి చేసింది మరి. 1933లో ఏకంగా 'సులోచన' అన్న పేరుతోనే సినిమా వచ్చింది. ఆ దశాబ్దం మధ్యలో రూబీ పిక్స్ అని సొంత సంస్థ కూడా పెట్టుకుంది. టాకీ చంపేసిన తార చేసే పనులా ఇవి?

ఈ టాకీల్లో ఎక్కువగా ఆవిడ పక్కన నాయకుడు డి. బిలిమోరియా. పార్సీ యువకుడు, అందగాడు. తెర మీద జంట తెర బయట కూడా జంటేనని అందరికీ తెలుసు. 1930ల చివరికి వాళ్లిద్దరూ విడిపోయారు. ఇంపీరియల్ కంపెనీ 1938లో మూతపడింది. ఇవి రెండూ దగ్గర దగ్గరగా జరిగాయి. నన్నడిగితే, ఆవిడ వెనకబడటానికి పెద్ద కారణం ఆ రెండోది. ఒక తార వెనక కథలు ఎంచేవాడు, సెట్లు వేసేవాడు, పాత హిట్టును మళ్లీ తీద్దాం అనేవాడు ఒక కంపెనీ రూపంలో పన్నెండు నెలలూ ఉండాలి. ఆ నీడ పోయింది. ఇంతలో ప్రభాత్, న్యూ థియేటర్స్, బాంబే టాకీస్ అనే కంపెనీలు వేరే రకం సినిమాతో వచ్చాయి. దేవికారాణి, కానన్ దేవి, శాంతా ఆప్టే వచ్చారు. ముప్పై దాటిన సులోచనకు పెద్ద వేషాలు తగ్గుతూ వచ్చాయి.

తర్వాతి నలభై ఏళ్లు చిన్న వేషాలే. వాటిలో రెండు మాత్రం చెప్పుకోవాలి. 1947లో 'జుగ్ను', దిలీప్ కుమార్, నూర్జహాన్ నటించింది. అందులో ఒక వయసు మళ్లిన ప్రొఫెసరు సులోచన మీద మనసు పడతాడు. బొంబాయి హోం మంత్రిగా ఉన్న మొరార్జీ దేశాయ్ గారు ముక్కున వేలేసుకుని ఆ సినిమాను నిషేధించారు. నలభై ఏళ్ల వయసులో కూడా ఆవిడ అందం ప్రభుత్వానికి శాంతిభద్రతల సమస్య అయిందన్నమాట! ఇంకొకటి 1953 నాటి 'అనార్కలి'. ఫిల్మిస్తాన్ వాళ్లది. నాయిక బీనా రాయ్, సలీం ప్రదీప్ కుమార్, సలీం తల్లి జోధాబాయి సులోచన. దర్శకుడు ఎవరంటే నందలాల్ జస్వంత్‌లాల్. పంతొమ్మిదేళ్ల క్రితం 'ఇందిరా ఎం.ఏ.'లో ఆవిణ్ణి నాయికగా నడిపించినవాడే! ఈ సినిమా తర్వాత రెండేళ్లకు మన అంజలీదేవి, అక్కినేని నటించిన తెలుగు 'అనార్కలి' వచ్చింది. మనలో చాలామందికి అనార్కలి అంటే అంజలే. ఆ వరసలో ఆవిడకు పెద్దక్క సులోచన అని చెప్పడమే నా ఉద్దేశం.

1973 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు సులోచనకు ఇచ్చారు. ఆ తర్వాతి ఏడాది, 1974కు, అదే అవార్డు మన బి.ఎన్. రెడ్డి గారికి వచ్చింది. రెడ్డి గారి సినిమాలు మన దగ్గర ఉన్నాయి, పిల్లలకు వేసి చూపించొచ్చు. ఆవిడకు అవార్డు తెచ్చిపెట్టిన పని మాత్రం, ఆ ఇచ్చే రోజుకే చాలావరకు మాయమైపోయింది. 1983 అక్టోబర్ 10న బొంబాయిలో కన్నుమూసింది. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2013లో భారతీయ సినిమాకు వందేళ్లని తపాలా శాఖ విడుదల చేసిన స్టాంపుల్లో ఆవిడ బొమ్మ కూడా ఉంది.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇప్పుడు 1953 'అనార్కలి' నుంచి కొన్ని దృశ్యాలు వేస్తారు. పాటలు వచ్చినప్పుడు మీ కళ్లు ఎలాగూ బీనా రాయ్ మీదికే పోతాయి, పోనివ్వండి. దర్బారు, అంతఃపురం వచ్చినప్పుడు మాత్రం జోధాబాయి మీద ఒక కన్నేసి ఉంచండి. ముఖ్యంగా వేరేవాళ్లు మాట్లాడుతుండగా ఆవిడ వింటూ ఉన్నప్పుడు. తర్వాత ప్రశ్నలు తీసుకుంటాను. రమేష్ గారూ, ఆ లైట్లు ఆపిస్తారా?